చదవకుండా ఉండగలమా? రంగుల పదాల పట్టిక గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీకి రంగుల పదాల పట్టిక వేశారు. 'ఎరుపు' అన్న మాట నీలం రంగులో, 'నీలం' అన్న మాట పసుపు రంగులో, ఇలా నలభై దాకా మాటలు. మాటను పట్టించుకోకుండా అది ఏ రంగులో ఉందో గబగబా చెప్పుకుంటూ పోవాలి. ముప్పై సెకన్లలోపు ముగిస్తే మెదడు చురుగ్గా ఉన్నట్టని, తడబడితే కుడి మెదడుకూ ఎడమ మెదడుకూ పొసగడం లేదని అడుగున రాశారు. పట్టిక మంచిది, పిల్లలు ఇష్టంగా ఆడతారు. అడుగున రాసిన ఆ రెండు మాటలే సరికావు. ఇలాంటివే వాట్సాప్‌లోనూ తిరుగుతున్నాయి, వాటిని పట్టుకుని పిల్లల తెలివికి మార్కులు వేసే ఉత్సాహం పెద్దల్లో కనిపిస్తోంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ తడబాటుకు మూలం చదువు. అక్షరాలు బాగా అలవాటైన మనిషి కంటికి మాట కనిపిస్తే చాలు, చదవాలనుకోకపోయినా చదివేస్తాడు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త వూంట్ ప్రయోగశాలలో పనిచేసిన జేమ్స్ మెకీన్ క్యాటెల్ 1886లోనే దీని అంచు పట్టుకున్నాడు. ఒక రంగునో బొమ్మనో చూసి దాని పేరు చెప్పడానికి పట్టే సమయం కంటే, అదే పేరును అచ్చులో చూసి చదవడానికి పట్టే సమయం తక్కువని కొలిచి చూపాడు. మాటలను అన్నిసార్లు చదివి ఉంటాం కాబట్టి ఆ పని దానంతట అదే జరిగిపోతుందని, రంగు పేరును మాత్రం ప్రతిసారీ పనిగట్టుకుని వెతుక్కోవాలని అతని వివరణ.

ఆ రెంటినీ ఒకదానికొకటి పోటీ పెట్టి చూసినవాడు జాన్ రిడ్లీ స్ట్రూప్. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, నాష్‌విల్‌లోని జార్జ్ పీబడీ కళాశాలలో చేసిన ఆ ప్రయోగాలు 1935లో అచ్చయ్యాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ, ఊదా అని ఐదు రంగులు. కాగితానికి పది వరుసలు, వరుసకు పది మాటలు. ఏ మాటా తన రంగులో ఉండదు. ఒకే రంగు పక్కపక్కనే గానీ ఒకదాని కింద ఒకటి గానీ రాదు. మొదటి ప్రయోగంలో రంగును వదిలేసి మాట చదవమన్నాడు. నల్ల సిరాలో ఉన్న నూరు మాటలకు సగటున 41 సెకన్లు పడితే, తప్పుడు రంగుల్లో ఉన్న నూరింటికి 43.3 సెకన్లు పట్టింది. తేడా లేనట్టే. రెండో ప్రయోగంలో మాటను వదిలేసి రంగు చెప్పమన్నాడు. వట్టి రంగు చదరాలు నూరింటికి 63.3 సెకన్లు సరిపోతే, మాటల కాగితానికి 110.3 సెకన్లు పట్టింది. 47 సెకన్లు, అంటే 74 శాతం ఎక్కువ.

ఈ రెండు ఫలితాలనూ కలిపి చూడాలి. రంగు వచ్చి చదువుకు అడ్డుపడదు, చదువే వచ్చి రంగుకు అడ్డుపడుతుంది. మీ పట్టికలో రెండో ప్రయోగంలోని రెండో సగం మాత్రమే ఉంది. దాంతో ఒక పిల్లవాడు 40 సెకన్లు తీసుకున్నాడంటే అది మాట వల్ల వచ్చిన ఆలస్యమో, వాడు నెమ్మదిగా మాట్లాడే మనిషో, రంగుల పేర్లు వెంటనే తట్టకపోవడమో తేల్చడానికి దారి లేదు. పక్కన అవే రంగుల్లో వట్టి చదరాల పట్టిక కూడా ఉండాలి. రెండు సమయాల మధ్య తేడానే లెక్కలోకి వస్తుంది, ఒంటరి సమయం దేనికీ గుర్తు కాదు.

కుడి మెదడు, ఎడమ మెదడు కథకు ఆధారం లేదు. అచ్చు మాటను గుర్తుపట్టే ప్రాంతం చాలామందిలో మెదడు ఎడమవైపు, కింది భాగంలో వెనకగా ఉంటుంది. రంగును కన్ను పోల్చుకున్నాక దాని పేరును నోటికి తెచ్చే పని కూడా చాలామందిలో ఎక్కువగా ఎడమవైపుదే. అంటే జగడం రెండు అర్ధభాగాల మధ్య కాదు. ఒకే ఇరుకు వంతెన మీదకు రెండు బస్సులు ఎదురెదురుగా వచ్చినట్టు, రెండు పేర్లు ఒకే నోటి కోసం పోటీపడతాయి. ఆ పోటీని గమనించి, సరైనదాన్ని ముందుకు పంపే పనిలో మెదడు ముందు భాగంలోని కొన్ని ప్రాంతాలు చురుగ్గా పాల్గొంటాయని 1990 నుంచి మెదడు చిత్రాల్లో చూస్తూనే ఉన్నారు. నోటితో చెప్పే బదులు మీట నొక్కి రంగు చూపమంటే తడబాటు తగ్గుతుంది, పోటీ ఎక్కువగా నోటి దగ్గరే అనడానికి అదొక సాక్ష్యం.

అలాగని పోటీ అంతా పెదవుల దగ్గరే అనుకున్నా పొరపాటే. జార్జ్ క్లైన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో రంగు పేర్ల బదులు రకరకాల మాటలు పెట్టి చూశాడు. అర్థం లేని అక్షరాల గుంపు కొద్దిగానే ఆలస్యం చేసింది. మామూలు మాటలు ఇంకొంచెం. గడ్డి, నిప్పు, ఆకాశం, నిమ్మకాయ లాంటి, రంగును తలపించే మాటలు అంతకంటే ఎక్కువ. రంగు పేర్లు అన్నిటికంటే ఎక్కువ. 'గడ్డి' అన్న మాట ఎవరి నోటా జవాబుగా రాదు, అయినా అడ్డుపడింది. అడగకుండానే చదివిన మాట శబ్దం దగ్గర ఆగిపోదు, అర్థం దాకా వెళ్తుంది.

చదవడం తొందరగా ముగుస్తుంది కాబట్టి అదే గెలుస్తుందన్నది చాలామంది చెప్పే కారణం. అది కూడా పూర్తిగా నిలవలేదు. మాటలను తలకిందులుగా అచ్చువేస్తే చదవడం బాగా నెమ్మదిస్తుంది, రంగు చెప్పడం కంటే వెనకబడుతుంది. అప్పుడు కూడా మాట రంగుకు అడ్డుపడుతూనే ఉందని డన్‌బార్, మెక్‌లాడ్ అనే పరిశోధకులు 1984లో చూపారు. ముఖ్యమైనది వేగం కంటే ఆ దారికి ఎంత సాధన ఉందన్నది. ఇదే ఇద్దరూ 1988లో ఇంకో పని చేశారు. వింత ఆకారాలకు రంగుల పేర్లు పెట్టి, రోజూ ఆ ఆకారాలను ఆ పేర్లతో పిలిపించారు. మొదట ఆకారం రంగుకు అడ్డురాలేదు, రంగే ఆకారానికి అడ్డొచ్చింది. కొన్ని రోజుల సాధన తరవాత రెండూ ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. ఇరవై రోజులకు తారుమారై, ఆకారమే రంగుకు అడ్డంకి అయింది. స్ట్రూప్ కూడా తన మూడో ప్రయోగంలో కళాశాల విద్యార్థులతో ఎనిమిది రోజులు రంగులు చెప్పే సాధన చేయిస్తే మాటల వల్ల వచ్చే ఆలస్యం తగ్గింది.

కాబట్టి 'ఆటోమేటిక్', అంటే దానంతట అదే జరగడం, అన్నది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు అన్న రకం గుణం కాదు. సాధనను బట్టి మెల్లమెల్లగా చిక్కబడే గుణం. బాగా చదివేవాళ్లలో కూడా దానికి హద్దులున్నాయి. రంగు చదరం పక్కన, రంగు మాటతో పాటు సంబంధం లేని ఇంకో మాటను పెడితే అడ్డంకి పలచబడుతుందని 1983లో కానెమన్, హయ్‌చిక్ చూపారు. రెండు మాటలు కంటి దృష్టిని పంచుకోవలసి వచ్చింది మరి. చదవడానికి దృష్టి బొత్తిగా అక్కర్లేకపోతే అలా జరగకూడదు. మాటంతటికీ రంగు వేయకుండా ఒక్క అక్షరానికే వేస్తే అడ్డంకి తగ్గుతుందని 1997లో బెస్నర్ బృందం రాసింది. హిప్నోసిస్‌కు బాగా లోబడేవాళ్లకు 'మీకు కనిపించేవి తెలియని భాషలోని గీతలు' అని ముందే సూచన ఇస్తే అడ్డంకి దాదాపు పోయిందని 2002లో ఆమిర్ రజ్ బృందం నమోదు చేసింది. వీటి మీద వాదాలు ఇంకా నడుస్తున్నాయి. అక్షరానికి రంగు వేసినప్పుడు అర్థం నిజంగా ఆగిపోతుందా, నోటి దగ్గరి పోటీ మాత్రమే తగ్గుతుందా అన్నది అందులో ఒకటి. నా అభిప్రాయం ఇది: సంకల్పం లేకుండా చదవడం మొదలవుతుందన్నది గట్టి మాట. దృష్టి అక్కర్లేకుండా, ఏం చేసినా ఆగకుండా జరుగుతుందన్నది అతిశయోక్తి.

పిల్లల దగ్గరికి వస్తే మీ పట్టిక అడుగున రాసిన మాట ఎంత తలకిందులో తెలుస్తుంది. ఒకటో తరగతి పిల్లలకు, చదవడం అప్పుడప్పుడే మొదలుపెట్టినవాళ్లకు, తడబాటు చాలా తక్కువ. రెండు, మూడు తరగతుల్లో అది ఒక్కసారిగా పెరుగుతుంది. అమెరికా బడిపిల్లల మీద 1966లో ఇదే తేలింది. 7 ఏళ్ల నుంచి 80 ఏళ్ల వరకు వయసువాళ్లను పోల్చిన 1962 నాటి అధ్యయనంలో 7 ఏళ్లవాళ్ల తడబాటే అన్నిటికంటే ఎక్కువ. యౌవనం వచ్చేసరికి తగ్గి, చాలా ఏళ్లు నిలకడగా ఉండి, 65 దాటాక మళ్లీ పెరిగింది. చదవడం రాని ఐదేళ్ల పిల్ల మాట వల్ల తడబడకపోవచ్చు, బాగా చదివే ఎనిమిదేళ్ల అన్న తడబడవచ్చు. తడబడడానికి కారణం వాడికి చదువు వచ్చేయడమే. ఇంకో చిక్కు: చదవడంలో ప్రత్యేక ఇబ్బంది, అంటే డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో తడబాటు మామూలు కంటే ఎక్కువ కనిపించిన అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి తడబాటు తక్కువైనా ఎక్కువైనా ఆ ఒక్క అంకె చూసి ఏ పిల్లవాడి గురించీ తీర్పు చెప్పకూడదు.

తెలుగులో ఈ పట్టిక తయారుచేయడంలో కొన్ని మెలకువలున్నాయి. ఇంగ్లీషు పట్టికను అలాగే మార్చేస్తే పాడవుతుంది.

మొదటిది రంగుల ఎంపిక. 'పచ్చ' అన్న మాట పెట్టకండి. కొందరికి అది పసుపు, కొందరికి ఆకుపచ్చ. ఏ జవాబు తప్పో పరీక్ష పెట్టేవారికే తెలియదు. వార్తాపత్రిక కాగితం మీద పసుపు సిరా సరిగా కనబడదు కాబట్టి పసుపును కూడా మానేస్తే మేలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు చాలు. అచ్చులో ఒక్కో సిరాకు ఒక్కో ప్లేటు. ఎరుపు వచ్చేది మెజెంటా (ముదురు గులాబీ ఛాయ), పసుపు ప్లేట్లు కలిసి. ఆకుపచ్చకు సయాన్ (లేత నీలి ఛాయ), పసుపు. నీలానికి సయాన్, మెజెంటా. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా తలకట్టుకూ కొమ్ముకూ రెండు రంగుల అంచులు వస్తాయి, పిల్లలు అక్కడ ఆగిపోతారు. అది మాట వల్ల వచ్చిన ఆలస్యం కాదు, అచ్చు వల్ల వచ్చింది. సన్నటి అక్షరాల్లో రంగే తెలియదు, అందుకని బాగా లావుపాటి ఫాంటు వాడాలి.

రెండోది పిల్లల నోట్లో ఉన్న మాట. చాలా ఇళ్లలో పిల్లలు రెడ్, బ్లూ, గ్రీన్ అనే అంటారు. అచ్చులో 'ఎరుపు' ఉండి, జవాబు 'బ్లూ' అయితే రెండు మాటలూ రెండు భాషలవి. అప్పుడు కూడా అడ్డంకి ఉంటుంది కానీ సాధారణంగా ఒకే భాషలో ఉన్నంత ఉండదని 1969 నుంచి రెండు భాషలవాళ్ల మీద జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. పిల్లలు రెడ్ అనేవాళ్లైతే తెలుగు లిపిలో 'రెడ్', 'బ్లూ' అనే అచ్చు వేయండి. లేదా ముందే అందరూ 'ఎరుపు', 'నీలం' అని చెప్పాలని నియమం పెట్టి రెండు నిమిషాలు అలవాటు చేయించండి. ఒకే తరగతిలో కొందరు అలా, కొందరు ఇలా చెబితే సమయాలను పోల్చలేం. విదేశాల్లో పెరుగుతూ, తెలుగు చక్కగా మాట్లాడి తెలుగు లిపి రాని పిల్లలుంటారు. వాళ్లకు తెలుగు అచ్చు పట్టిక ఇచ్చి తెలుగులోనే రంగులు చెప్పమనండి, సాఫీగా సాగిపోతుంది. ఇంగ్లీషు అచ్చు పట్టిక ఇచ్చి తెలుగులోనే చెప్పమంటే ఆగుతారు. మాట నోటికి తెలిసినంత మాత్రాన కాదు, లిపి కంటికి అలవాటైతేనే అడ్డంకి అని అక్కడ తేటతెల్లమవుతుంది.

ఇక అమరిక. నాలుగు రంగులు, నాలుగు మాటలు. మాటకూ రంగుకూ పొసగని జతలు 12 వస్తాయి. ఒక్కో జతను నాలుగుసార్లు వాడితే 48 గళ్లు, ఆరు నిలువులు, ఎనిమిది అడ్డు వరుసలు. ఒకే రంగు వెంటవెంటనే రాకూడదు. ఒక గడిలోని మాట తరవాతి గడికి జవాబు కాకుండా కూడా వీలైనంత చూసుకోవాలి, అప్పుడే వదిలేయమన్న పేరును మరుక్షణం చెప్పవలసి వస్తే అదనపు ఆలస్యం తోడవుతుంది. దీని పక్కన అవే రంగులు అదే వరుసలో 48 వట్టి చదరాల పట్టిక. మూడోది, 48 మాటలను బూడిద రంగులో వేసి చదివించే పట్టిక. ఇది పిల్లవాడికి ఆ మాటలు చదవడం వచ్చో రాదో చెబుతుంది, ఇది రానివాడికి మిగతావి పెట్టి లాభం లేదు. మూడోదాన్ని నల్ల సిరాలో వేస్తే 'నలుపు' తన రంగులోనే వచ్చేస్తుంది, అందుకని బూడిద.

ఒక వరుస అభ్యాసం చేయించి, బూడిద మాటలు, చదరాలు, రంగు మాటలు అన్న క్రమంలో ఒకసారి, తిరగేసి ఇంకోసారి పెట్టి సగటు తీయాలి. ఒకే క్రమంలో పెడితే చివరిదానికి అలవాటో అలసటో అంటుకుంటుంది. తప్పు చెబితే అక్కడే దిద్దుకుని ముందుకు వెళ్లమనాలి, ఆ సమయం కూడా లెక్కలోకి వస్తుంది. తప్పులను వదిలేసి పరుగెత్తనిస్తే తొందరపడేవాడికి మంచి సమయం వస్తుంది. రంగు మాటల సమయంలోంచి చదరాల సమయం తీసేసి, వచ్చినదాన్ని చదరాల సమయంతో భాగించి నూరుతో హెచ్చిస్తే శాతం వస్తుంది. పిల్లల కళ్లను కూడా గమనించాలి. కళ్లు సగం మూసి మాటను మసకబార్చేవాళ్లుంటారు, చివరి అక్షరం మీదే చూపు నిలిపేవాళ్లుంటారు. ఎరుపు, నలుపు రెండూ 'పు'తోనే ముగుస్తాయి కాబట్టి ఈ ఉపాయం తెలుగులో బాగా పారుతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, తరగతిలో ఉండవచ్చు. వాళ్లు వట్టి చదరాల దగ్గరే పొరబడతారు. నలుగురిలో నవ్వకుండా కంటి వైద్యుడి దగ్గరికి పంపమని పెద్దలకు చెప్పాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. చదవడం ఆటోమేటిక్ అని విన్న పెద్దలు అది పిల్లలకు కూడా ఆటోమేటిక్‌గా వచ్చేస్తుందని అనుకుంటారు. మాట్లాడటం అలా వస్తుంది, చదవడం రాదు. ఒకరు నేర్పాలి, తరవాత చాలాసార్లు చదివించాలి. తెలుగులో ఆ పని బరువు తక్కువేమీ కాదు. హల్లుకు గుణింతం, దానికి ఒత్తు కలిసి వందల రూపాలు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవలసిందే. ప-వ, మ-య, ద-ధ-థ, బ-భ పక్కపక్కనే పెడితే రెండో తరగతిలో కూడా తికమకపడతారు. ఒక్కో అక్షరాన్ని కూడబలుక్కునే పిల్లవాడి దృష్టంతా అక్కడే ఖర్చవుతుంది, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. అక్షరం గుర్తుపట్టడం శ్రమ లేకుండా జరిగితేనే అర్థానికి దృష్టి మిగులుతుందని లాబెర్జ్, సామ్యూల్స్ 1974లో రాసిన సిద్ధాంతం బడిలో రోజూ కనబడే సంగతే.

దానికి తగిన సాధన కష్టమైనది కాదు. 50 నుంచి 80 మాటల పేరా, ఎక్కువగా తెలిసిన అక్షరాలతో ఉన్నది తీసుకుని, పెద్దవాళ్లు ఒకసారి చదివి వినిపించి, పిల్లవాడి చేత మూడు నాలుగుసార్లు పైకి చదివించాలి. ఆగిన మాటలను అక్కడికక్కడే అందించి, చివర్లో ఆ మాటలను మాత్రం విడిగా మళ్లీ చూపించాలి. రెండు మూడు ప్రశ్నలడిగి అర్థమైందో లేదో చూడాలి. మర్నాడు, ఆ మాటలే ఎక్కువగా ఉన్న కొత్త పేరా ఇవ్వాలి. పాత పేరానే వారమంతా చదివిస్తే కంఠతా వచ్చేస్తుంది, కళ్లు అక్షరాల మీద ఉండవు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని ఉంది. లక్ష్యం ఉండటం మంచిదే. కానీ తెలుగులో 'వెళ్లవలసివచ్చింది' ఒక్క మాట, 'ఇల్లు' కూడా ఒక్క మాటే. మాటలు లెక్కపెడితే పేరాను బట్టి అంకె ఊగిపోతుంది. అక్షరాలు లెక్కపెట్టడం తెలుగుకు న్యాయం.

మీ పిల్లల పేజీకి నా విన్నపం ఇంతే. ఈ పట్టికను మళ్లీ వేసినప్పుడు పక్కనే వట్టి చదరాల పట్టికను కూడా వేయండి. ముప్పై సెకన్ల గడువు, మెదడు చురుకు, కుడి ఎడమల ప్రస్తావన తీసేయండి. వాటి స్థానంలో 'రెండు పట్టికలకూ పట్టిన సమయం రాసుకుని తేడా చూడండి. ఒకటో తరగతి తమ్ముడి చేత, ఐదో తరగతి అక్క చేత, అమ్మానాన్నల చేత కూడా చేయించి పోల్చండి' అని రాస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ